గోల్ రాకపోతే తప్పెవరిది?

శ్రోతలకు నమస్కారం.

2024 సెప్టెంబరు 3. గచ్చిబౌలి స్టేడియం. భారత ఫుట్‌బాల్ జట్టుకు ప్రత్యర్థి మారిషస్, ర్యాంకుల్లో మనకంటే చాలా కింద ఉన్న జట్టు. ఆట చివరిదాకా చూశాం, ఒక్క గోల్ కూడా పడలేదు. అదే ఏడాది జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్ ఆడినప్పుడూ అంతే. మూడు మ్యాచ్‌లాడి గోల్ లేకుండానే తిరిగొచ్చాం. కోచ్‌ని మారిస్తే గోల్స్ వస్తాయనుకున్నాం. గచ్చిబౌలిలో కొత్త కోచ్ మనోలో మార్కెజ్‌కి అది తొలి మ్యాచ్.

హైదరాబాద్ వాళ్లకి మార్కెజ్ కొత్తవాడేం కాదు. 2022లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుకు ఐఎస్‌ఎల్, అంటే దేశంలోని క్లబ్బులు పోటీపడే ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చిపెట్టింది ఆయనే. ఆ సీజన్‌లో నైజీరియా ఆటగాడు ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. అదే మార్కెజ్ భారత జట్టుతో ఎనిమిది మ్యాచ్‌లు ఆడిస్తే గెలిచింది ఒకటి, వచ్చిన గోల్స్ మొత్తం ఐదు. అందులో రెండు, గోల్ పడకుండా అడ్డుకోవాల్సిన డిఫెండర్ రాహుల్ భేకేవి. ఇంకొకటి, రిటైరై నలభయ్యేళ్ల వయసులో మళ్లీ బూట్లు కట్టుకున్న సునీల్ ఛెత్రీది. పాఠం చెప్పిన మాస్టారు ఒకరే. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లో బంతి కోసం కాచుకున్న మనిషి మారాడు.

అలాగని మన కుర్రాళ్లకు చేతకాదని తీసిపారేస్తే నేనొప్పుకోను. గోల్ ముందు ఏం జరుగుతుందో చూడండి. బంతి పక్కనుంచి దూసుకొస్తుంది, డిఫెండర్ భుజం మీద పడుతుంటాడు, ఉన్నది అర సెకను. అప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు, కాలికే తెలిసిపోవాలి. పది రోజుల శిబిరంలో అది ఏ కోచ్ నేర్పినా రాదు. వారం వారం క్లబ్బు మ్యాచ్‌లో అదే చోట నిలబడి, తప్పుతూ, మళ్లీ కొడుతూ, ఏళ్లతరబడి ఒంటబట్టించుకోవాలి.

ఆ చోటే మనవాళ్లకు దక్కడం లేదు. 2014లో మొదలైన ఐఎస్‌ఎల్‌లో 2024-25 దాకా పదకొండు సీజన్లు జరిగాయి. ప్రతిసారీ అత్యధిక గోల్స్ వీరుడు విదేశీ ఆటగాడే. క్లబ్బుకు గెలుపు కావాలి, కాబట్టి ముందు వరుస నడుమ బయటినుంచి తెచ్చినవాణ్ణి నిలబెడుతుంది. మన కుర్రాడు మైదానం అంచున పరుగెత్తి అతనికి బంతి అందిస్తాడు. అందించడమే నేర్చుకుంటాడు.

కోచ్‌కి బాధ్యత లేదనను. జాతీయ జట్టును చూస్తూనే మార్కెజ్ గోవా క్లబ్బునూ నడిపారు, అది సరికాదనే నా అభిప్రాయం. కోచ్ ఎంత చేయగలడో హైదరాబాద్‌కే చెందిన నాటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చూపించారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఆయన ముందు వరుసలోకి పంపారు. ఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచాం. కానీ రహీం అంతకు ముందు పన్నెండేళ్లుగా ఆ జట్టును ఎరిగిన మనిషి. ఎవరి కాలులో ఏముందో ఆయనకు తెలుసు.

మార్కెజ్ తర్వాత 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడాం, 2027 ఆసియా కప్‌లో ఆడే అవకాశం చేజారింది. ఇకమీదట మీరు క్లబ్బు మ్యాచ్ చూసేటప్పుడు స్కోరుతోపాటు ఇంకొకటి కూడా రాసుకోండి: ముందు వరుస నడుమ మన కుర్రాణ్ణి ఎన్ని నిమిషాలు ఆడించారు?

నమస్కారం.