పని ఫలితం, నమ్మకం ఫలితం: ఉపయోగితావాదానికీ వ్యావహారికసత్తావాదానికీ తేడా

అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1907లో వెలువరించిన ‘ప్రాగ్మాటిజం’ అనే ఉపన్యాస సంపుటిని, అప్పటికి 34 ఏళ్ల కిందటే కన్నుమూసిన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ స్మృతికి అంకితమిచ్చాడు. ఈ అంకితాన్ని చూసినవారికి మిల్ ఉపయోగితావాదమూ, జేమ్స్ వ్యావహారికసత్తావాదమూ (ప్రాగ్మాటిజం) ఒకటేనని అనిపించడంలో వింత లేదు. రెండూ ఫలితాన్నే చూస్తాయి. అయితే దేని ఫలితాన్ని చూస్తాయన్న దగ్గర వాటి దారులు వేరవుతాయి.

ఉపయోగితావాదానికి ఆద్యుడైన జెరెమీ బెంథామ్ 1789 నాటి గ్రంథం మొదలుకొని ఉపయోగితావాదం తీర్పు చెప్పేది మనుషులు చేసే పనుల మీద, ప్రభుత్వాలు చేసే చట్టాల మీద. వాటివల్ల కలిగే సుఖదుఃఖాలను, అవి ఎవరివైనా సరే, ఒకే తూకంతో లెక్కకట్టమంటుంది. 1878లో, వ్యావహారికసత్తావాదానికి నాంది పలికిన చార్లెస్ పర్స్ పరీక్షకు పెట్టినది పనిని కాదు, భావాన్ని. ఒక వస్తువు గట్టిదంటే, చాలా వస్తువులు దానిమీద గీత పెట్టలేవన్నదే ఆ మాటకు అర్థమని ఆయన తేల్చాడు. ఇందులో సుఖం ప్రసక్తే లేదు.

మరణశయ్య మీద ఉన్న ఒక తల్లి, దూరాన ఉన్న కొడుకు క్షేమమేనా అని అడిగిందనుకుందాం. కొడుకు అప్పటికే చనిపోయినా, పక్కనున్నవారు క్షేమమేనని చెప్పారు. ఆ మాట అబద్ధమే అయినా చెప్పడం మంచిదే కావచ్చునని ఉపయోగితావాది అనగలడు. మాట నిజమా, చెప్పడం మేలా అన్నవి ఆయనకు రెండు వేర్వేరు ప్రశ్నలు. నమ్మకం నిజమా కాదా అన్నది దాని ఫలితాన్ని బట్టే తేలుతుందన్నది జేమ్స్ వాదం గనుక, ఊరట కలిగింది కాబట్టి ఆ మాట నిజమైపోయిందని ఆయన అంటాడని చాలామంది ఆక్షేపిస్తారు. జేమ్స్ మాటతీరు అందుకు కొంత చోటిచ్చిందని ఒప్పుకుంటూనే, ఆ నింద అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకంటే నమ్మకం తక్కిన అనుభవాలతోనూ, ముందు ఎదురయ్యే అనుభవాలతోనూ పొసగి తీరాలని ఆయన కోరాడు. ఆ కొడుకును వెతుక్కుంటూ వెళ్లినవారికి అతడు ఎక్కడా కనిపించడు కదా!

నా దృష్టిలో ఇంతకన్నా లోతైన తేడా మరొకటుంది. ఉపయోగితావాదికి గమ్యం, అంటే సుఖం, ముందే ఖాయమైపోయింది, వెతకవలసింది దారి మాత్రమే. మరో వ్యావహారికసత్తావాది జాన్ డ్యూయీ దీన్ని అంగీకరించలేదు. దారిలో నడుస్తున్నకొద్దీ గమ్యం కూడా మారవచ్చునని, మారవలసి రావచ్చునని వాదించాడు. మారిన గమ్యం మునుపటికన్నా మెరుగైనదని ఏ కొలతతో చెబుతారని ఉపయోగితావాది ఇక్కడ అడగగలడు. ఆ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చడం నాకు సాధ్యం కావడం లేదు.