పాత కారు: టైర్ల ఎంపిక, పెట్రోలు దారి సంరక్షణ

[తెర మీద: ఒక టైరు, బాగా దగ్గర నుంచి]

ఈ టైరు చూడండి. గాడులు నిండుగా ఉన్నాయి, నలుపు తగ్గలేదు, ఎక్కడా మేకు దిగిన ఆనవాలు లేదు. పాత కారు అమ్మేవాళ్లు సాధారణంగా దీన్నే చూపించి "టైర్లు కొత్తవే సార్, తిరగనే లేదు" అంటారు. తిరగలేదన్నది నిజమే. ఇప్పుడు పక్కన ఉన్న అంకెలు చదువుదాం.

[సైడ్‌వాల్ మీద డాట్ కోడ్, వేలితో చూపిస్తూ]

డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో ఆఖరి నాలుగు అంకెలు టైరు పుట్టిన తేదీ. 3209 అంటే 2009లో 32వ వారం. నాలుగు కాకుండా మూడే అంకెలుంటే అది 2000కు ముందు తయారైన టైరు. దాని గురించి ఇక చర్చే లేదు, తీసేయడమే. చాలా టైర్లకు ఈ తేదీ ఒక వైపే ఉంటుంది. బయట కనిపించకపోతే కారు కిందికి వంగి లోపలి వైపు కూడా చూడండి.

రోజూ తిరిగే కారు టైరు అరిగిపోయి పోతుంది. షెడ్డులో ఉండే కారు టైరు అరగదు, ముసలిదవుతుంది. ఎండకీ వేడికీ గాలిలోని ఓజోన్‌కీ రబ్బరు గట్టిపడుతుంది. తడి రోడ్డు మీద పట్టు పోతుంది, లోపలి పొరలు విడిపోవడం మొదలవుతుంది. పదేళ్లు దాటితే గాడులు ఎంత ఉన్నా మార్చేయమని చాలామంది తయారీదారులు చెబుతారు. నేనైతే ఆరేళ్లు దాటినప్పటి నుంచి ఏటా జాగ్రత్తగా చూపిస్తాను. సైడ్‌వాల్‌లో పగుళ్లు కనబడితే తేదీతో పని లేకుండా మార్చేస్తాను. పెట్రోలు పైపులకూ ఇదే జబ్బు. ఆ రెండూ ఒకే వీడియోలో ఉన్నది అందుకే.

[తెర మీద రెండు సైజులు: 5.60-15, 165 ఆర్ 15]

సరే, కొత్త టైరు కొనాలి. పాత సైజు 5.60-15 అని ఉందనుకోండి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు చాలాకాలం వచ్చిన సైజు ఇది. 5.60 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో, 15 అంటే రిమ్ము. టైరు ఎత్తు (రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా) సంగతి ఎక్కడా రాయలేదు, అసలు చిక్కంతా ఇక్కడే. రేడియల్‌లో, అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తిన్నగా సాగే టైర్లలో, దీనికి బదులుగా ఎక్కువగా వేసేది 165 ఆర్ 15. 165 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, ఆర్ అంటే రేడియల్. ఇందులోనూ ఎత్తు శాతం, అంటే ఎత్తు వెడల్పులో ఎంత అన్న లెక్క, లేదు. అలా రాయకపోతే సుమారు 80 నుంచి 82 శాతం అని అర్థం. షాపులో మాత్రం 165 ఉంది కదా, 15 ఉంది కదా అని 165/65 ఆర్ 15 చేతిలో పెడతారు, అంటే ఎత్తు 65 శాతమే. రిమ్ముకు ఎక్కుతుంది కూడా. కానీ మొత్తం వ్యాసం దాదాపు 5 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. కారు కిందికి దిగుతుంది, అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, స్పీడోమీటర్ 8 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. అందుకే రెండు అంకెలు కలిశాయని సరిపెట్టుకోకుండా బయటి వ్యాసం అడగండి.

వెడల్పు టైర్లు వేస్తే అందంగా ఉంటుందని కొందరంటారు. పవర్ స్టీరింగ్ లేని కారును పార్క్ చేసేటప్పుడు ఆ అందం భుజాలకు తెలుస్తుంది. బేరింగుల మీదా భారం పెరుగుతుంది, మలుపులో టైరు మడ్‌గార్డ్‌కు రాసుకుంటుంది.

[రెండు టైర్ల కోత బొమ్మ: ఏటవాలుగా ఒకదాని మీదొకటి దాటే దారాలు, అంచు నుంచి అంచుకు తిన్నగా సాగే దారాలు]

రేడియలా, లేక దారాలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి దాటే పాతరకం క్రాస్‌ప్లైనా? రేడియల్ టైరుకు మిషెలిన్ 1946లో పేటెంట్ తీసుకుంది. అంతకుముందు వచ్చిన కార్ల సస్పెన్షన్, రిమ్ములు అన్నీ క్రాస్‌ప్లైని దృష్టిలో పెట్టుకుని చేసినవే. క్రాస్‌ప్లై రోడ్డు మీది గీతల వెంట పక్కకు లాగుతుంది, కానీ జారే ముందు కాస్త హెచ్చరిస్తుంది. రేడియల్ పట్టు ఎక్కువ, కారు నిటారుగా పోతుంది, మలుపుల్లో రిమ్ము మీద పడే బలమూ ఎక్కువే. 1950ల చివర్లోనో 60ల్లోనో వచ్చిన కారు, రిమ్ములు ఉక్కువి, గట్టిగా ఉన్నాయి, వారం వారం బయటికి తీస్తారు అంటే రేడియల్ వేసుకోండి. ఇంకా పాతది, కర్ర చువ్వల చక్రాలో సన్న తీగల చక్రాలో అయితే క్రాస్‌ప్లైని మార్చవద్దు.

రెండు రకాలు కలపడం గురించి ఒక్క మాట. ఒకే ఇరుసు మీద ఎప్పుడూ కలపకూడదు. తప్పనిసరైతే రేడియల్స్ వెనక, క్రాస్‌ప్లై ముందు. తిరగేసి పెడితే మలుపులో ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనక చక్రాలు వదిలేస్తాయి. కారు గిర్రున తిరిగిపోతుంది.

ట్యూబు సంగతి కూడా చూసుకోవాలి. తీగల చక్రాలకు చువ్వల రంధ్రాల్లోంచి గాలి పోతుంది. పాత రిమ్ములకు చాలావాటికి టైరు అంచును పట్టి ఉంచే గట్టు లేదు. కాబట్టి ట్యూబు వేయాల్సిందే. వేసేముందు టైరు లోపల అంటించిన కాగితం లేబుళ్లు పీకేయించండి, వాటికి రాసుకునే ట్యూబు చిల్లి పడుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లలో కొన్నిటికి లోపల గరుకు గీతలుంటాయి, ట్యూబు పెట్టుకోవచ్చో లేదో అమ్మేవాణ్ణి అడగండి. తీగల చక్రానికి రిమ్ టేపు, అంటే చువ్వల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ముకు చుట్టేది, మరచిపోవద్దు.

[బోనెట్ తెరుస్తూ]

ఇక పెట్రోలు.

ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. ఇ10 అంటే 10 శాతం దాకా, ఇ20 అంటే 20 శాతం దాకా. పాత కారుకు దీంతో మూడు తలనొప్పులు. మొదటిది, పాత రబ్బరు పైపులనూ గాస్కెట్లనూ కార్క్ ఫ్లోట్లనూ (పెట్రోలు మీద తేలుతూ దాని మట్టం చూసే ముక్కలు) అది మెత్తబరుస్తుంది, ఉబ్బిస్తుంది. రెండోది, వానాకాలం ఉప్పులా అది చెమ్మ పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పెట్రోలు లాగే గొట్టం ఉండేదీ అక్కడే. తుప్పూ అక్కడే మొదలవుతుంది. మూడోది, ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. పాత జెట్లతో (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాలు) ఇథనాల్ పెట్రోలు పోస్తే మిక్చర్ పలచనవుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం తక్కువవుతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ నొక్కితే తడబడుతుంది. అలాంటప్పుడు ఇగ్నిషన్ టైమింగ్‌తో కుస్తీ పట్టే ముందు మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడండి. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే పాత కారుకు అదే పోయండి.

[పైపు ముక్క, దాని మీద అక్షరాలు]

పైపు కొనేటప్పుడు దాని మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూడండి. పైన గుడ్డ అల్లికతో పాతకాలంలా కనిపించే పైపులు షోలకు బావుంటాయి, కానీ లోపలి రబ్బరు పగిలినా పైకి తెలియదు. నాకు వాటి మీద నమ్మకం లేదు. క్లిప్పులు కూడా అంచులు నున్నగా ఉన్నవే వాడండి. గాడులున్న పట్టీ క్లిప్పులు మెత్తటి పైపును కోసేస్తాయి.

పంపు మెకానికల్‌దైతే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే, ఆయిల్ మట్టం పెరిగితే పంపులోని పలచటి పొర డయాఫ్రం చిరిగి పెట్రోలు ఆయిల్లోకి దిగుతోందేమో చూడాలి. ఆ ఆయిల్‌తో బండి నడపవద్దు. ఎలక్ట్రిక్ పంపు పెట్టాలనుకునేవాళ్లు ప్రెషర్ చూసి కొనండి. కార్బురేటర్లు ఎక్కువగా అడిగేది 2 నుంచి 4 పీఎస్ఐ. ఇంజెక్షన్ కార్ల పంపు బిగిస్తే ప్రెషర్ ఎక్కువై, కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకుండా మూసే నీడిల్ వాల్వ్ ఆపలేదు, పెట్రోలు వేడి ఇంజిన్ మీదికి పొర్లుతుంది. గుద్దుకుంటే పంపును ఆపేసే స్విచ్ కూడా పెట్టించండి.

ఫ్లోట్ ఇత్తడిదైతే చిల్లి కనిపెట్టడం తేలిక. వేడినీళ్లలో ముంచండి, బుడగలొస్తే చిల్లి.

[ట్యాంకు మూత]

కొంతమందికి విచిత్రమైన ఇబ్బంది ఉంటుంది. బండి స్టార్ట్ అవుతుంది, కొంత దూరం పోతుంది, ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ మామూలే. కార్బురేటర్ విప్పే ముందు ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోతే గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. ఖర్చు లేని రిపేరు.

ట్యాంకు లోపల తుప్పు ఉంటే మెకానిక్ వెల్డింగ్ మాట ఎత్తవచ్చు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. ఆ పని ఆవిరి పూర్తిగా తీసేయడం తెలిసినవాళ్లే చేయాలి.

సీసం లేని పెట్రోలుతో ఇంజిన్ హెడ్‌లో వాల్వులు మూసుకుని కూర్చునే సీట్లు అరుగుతాయన్న భయం పాతదే. సీసం కలిపిన పెట్రోలును బంకుల్లో అమ్మిన ఆఖరి దేశం అల్జీరియా, 2021లో ఆపేసింది. నెమ్మదిగా నడిపే కారుకు టెన్షన్ అక్కర్లేదు. ఎప్పుడైనా హెడ్ విప్పితే గట్టి సీట్లు వేయించండి, అంతదాకా వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) చూస్తూ ఉంటే చాలు.

[బ్యాటరీ తీగ తిరిగి బిగిస్తూ, పక్కన నిప్పునార్పే సిలిండర్]

అన్నీ బిగించాక వెంటనే రోడ్డెక్కకండి. ఆరుబయట ఇంజిన్ కాసేపు ఆన్‌లో ఉంచి, ఆపేసి, ప్రతి జాయింటు మీదా పొడి తెల్ల కాగితం ఒత్తి చూడండి. తడి తగిలిన చోట క్లిప్పు మళ్లీ బిగించండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి చల్లారాక ఇంకోసారి చూడండి, కొత్త పైపులు మొదటి వేడికి కాస్త వదులవుతాయి.