పాత బండికి పాలిష్ ఆఖరి పని

[తెర మీద: అల్యూమినియం ఇంజన్ కవర్. సగం మసకగా, సగం మెరుస్తూ]

పాత మోటార్ సైకిల్ ఇంటికొచ్చిన రోజే చాలామంది పాలిష్ డబ్బా మూత తీస్తారు. టైరు వయసెంతో చూడరు, బ్రేకు డ్రమ్ము విప్పరు. ట్యాంకుకీ సైలెన్సర్‌కీ ఇంజన్ కవర్‌కీ ఒకటే పేస్టు, ఒకటే గుడ్డ. "కాస్త పూస్తే పోయేదేముందండీ, మెరుస్తుంది కదా" అంటారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పోయేది ఉంది కాబట్టే ఈ వీడియో.

మెటల్ పాలిష్‌లో పనిచేసేది సన్నటి రాపిడి పొడి. అది లోహం పైపొరను గీకి తీసేస్తుంది. గుడ్డ నల్లబడగానే మురికి వదిలిందని సంబరపడతాం. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన అల్యూమినియం మీద రుద్ది చూడండి, అప్పుడూ గుడ్డ నల్లగానే వస్తుంది. ఆ నలుపు బండి ఒంటిదే.

అందుకే వరుస ముఖ్యం. ముందు రిపేరు. తర్వాత సామాను పెట్టుకునే క్యారియర్లు బిగించి చూసుకోవడం. సరిపోయాక వాటిని మళ్ళీ విప్పి, అప్పుడు పాలిష్. గ్లైకాల్ రకం బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్క చుక్క పడితే పెయింటు ఉబ్బి లేస్తుంది. పానా జారితే కవర్ మీద గీత. క్యారియర్ క్లాంపును అటూ ఇటూ జరిపిన ప్రతిసారీ ఇంకో గీత. ఇవన్నీ జరిగిపోయాక మెరుగు పెట్టినవాడికి ఒక్కసారి రుద్దితే సరిపోతుంది. వరుసలో ఆఖరిదే అయినా అపోహలన్నీ పాలిష్ చుట్టూనే ఉన్నాయి కాబట్టి ముందు దాన్నే పట్టుకుంటాను.

[తెర మీద: దున్నిన పొలం, పక్కనే భూతద్దం కింద గీతలు పడ్డ లోహం]

పొలం దున్నడం తలుచుకోండి. ముందు నాగలితో లోతుగా సాలు. తర్వాత దానికి అడ్డంగా ఇరువాలు. ఆ తర్వాత గుంటక. చివర్లో పలక తోలి చదును. అల్యూమినియం కవర్‌కి మెరుగు పెట్టడం అచ్చంగా ఇదే. మసకగా కనపడే కవర్‌ని భూతద్దం కింద పెడితే అంతా గోతులు, గట్లు. పడిన వెలుతురు ఒక్కో గట్టు మీంచి ఒక్కో వైపు చెదిరిపోతుంది. గట్లు అణిగి చదునైతే వెలుతురంతా ఒకే వైపు తిరిగొస్తుంది. మెరుపంటే అంతే, పైన పూసిందేమీ లేదు.

కాబట్టి గీతలు లోతుగా ఉంటే 320 లేదా 400 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ గింజ సన్నం) మొదలుపెట్టండి, నీళ్ళతో తడుపుతూ, ఒకే దిక్కుగా. అది సాలు. తర్వాత 600, ఈసారి అడ్డంగా. అది ఇరువాలు. అడ్డంగా ఎందుకంటే, పాత సాళ్ళు పూర్తిగా చెరిగాయో లేదో కంటికి తెలియాలి. రెండూ ఒకే దిక్కుగా రుద్దితే పాత గీత కొత్త గీతల్లో దాక్కుంటుంది, ఆఖర్న బఫ్, అంటే మోటారుకి తిరిగే గుడ్డ చక్రం, పెట్టినప్పుడు బయటపడుతుంది. అప్పుడు మళ్ళీ 600 దగ్గరికి రావాల్సిందే. 800, 1000, 1500, ఒక్కోదానికీ దిక్కు మార్చుకుంటూ వెళ్ళండి. పేపర్ మార్చిన ప్రతిసారీ ముక్కనీ చేతుల్నీ కడగండి, నీళ్ళూ మార్చండి. 400 నంబరు గింజ ఒక్కటి 1500 పేపర్ కిందికి వెళ్తే కొత్త సాలు తీసేస్తుంది.

బఫ్ వీల్ ఆఖరి పలక. ముందు బ్రౌన్ సబ్బు, తర్వాత వేరే గుడ్డ వీల్‌తో వైట్ సబ్బు. ఇవి బట్టల సబ్బులు కావు, వీల్‌కి పట్టించే రాపిడి కడ్డీలు. రెండు సబ్బులూ ఒకే వీల్‌కి పట్టించకండి. బఫ్‌తో గీతలు పోగొడదామని గట్టిగా అదిమేవాళ్ళు ఉన్నారు. దాంతో కవర్ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి. మిలమిలా మెరుస్తూనే ఆకారం కోల్పోయిన కవర్‌ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ పదునైన అంచు వెనక్కి రాదు.

జాగ్రత్త ఒకటి. ముక్కని వీల్ మధ్యకంటే కింద ఆనించండి, అంచు తిరిగే దిక్కుకి ఎదురు ఉండకూడదు. ఎదురొస్తే వీల్ దాన్ని లాక్కుని విసిరికొడుతుంది. అల్యూమినియం పొడి మండుతుంది కూడా. ఇనుము గ్రైండింగ్ చేసే చోట, ఆ నిప్పురవ్వలు పడేచోట బఫింగ్ వద్దు. మాస్కూ కళ్ళద్దాలూ తప్పనిసరి.

దున్నేముందు చేలో మోళ్ళు ఏరినట్టే ఇక్కడా ఒక పని ఉంది. 1970ల నాటి జపాన్ బండ్లలో చాలావాటి ఇంజన్ కవర్ల మీద ఫ్యాక్టరీలోనే క్లియర్ లాకర్, అంటే రంగులేని వార్నిష్ లాంటి పూత, పూశారు. అది అక్కడక్కడ పగిలాక, దాని కింద అల్యూమినియం తుప్పు తెల్లటి బూజులా పాకుతుంది. పైనుంచి ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే మీరు రుద్దుతున్నది లాకర్‌ని. పెయింట్ రిమూవర్‌తో లాకర్ మొత్తం ఊడబెరికాకే పేపర్ పట్టాలి. ఆనడైజ్ చేసిన, అంటే కరెంటు సాయంతో పైన గట్టి పొర పెంచిన, భాగాలది ఇంకో కథ. అక్కడ పైనున్నది అల్యూమినియం ఆక్సైడ్, లోహంకంటే చాలా గట్టి పొర. మామూలు పాలిష్‌కి అది సులువుగా లొంగదు. రంగు బాగుంటే సబ్బునీళ్ళతో కడిగి వదిలేయమనే చెప్తాను.

[తెర మీద: క్రోమ్ సైలెన్సర్, తుప్పు చుక్కలు]

ఇప్పుడు క్రోమ్. పొలం మాటే మళ్ళీ చెప్తాను. అల్యూమినియం కవర్ లోతైన నల్లరేగడి, ఎంత దున్నినా కింద అదే మన్ను. క్రోమ్ అలా కాదు. పైమన్ను పలచగా ఉండి, కర్రు కాస్త దిగితే చౌడు పైకొచ్చే చేను అది. అలంకారానికి వేసే క్రోమ్ పొర సాధారణంగా మైక్రాన్‌లో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) సగం కూడా ఉండదు. దాని కింద నికెల్ ఉంటుంది, దాదాపు 10 నుంచి 30 మైక్రాన్లు. దాని కింద ఇనుము. మీరు చూసి మురిసే మెరుపు చాలావరకు నికెల్‌ది, క్రోమ్ దాన్ని మసకబారకుండా కాపాడే పలచటి తొడుగు. కాబట్టి క్రోమ్ మీద వాటర్ పేపర్ అసలు వద్దు, కటింగ్ పేస్టు వద్దు. 1920ల చివరిదాకా మోటార్ సైకిళ్ళకి క్రోమ్ రాలేదు, అంతకుముందు బండ్ల మీద ఉన్నది నికెల్ పూతే, కాస్త పసుపు జీర కనిపిస్తుంది. అంత పాత బండి మీ చేతికొస్తే ఇంకా మెత్తగా వ్యవహరించండి, నికెల్ క్రోమ్ కంటే మెత్తన.

క్రోమ్ మీది తుప్పు చుక్కలకి అల్యూమినియం ఫాయిల్ ముక్క, నీళ్ళు చాలు. ఫాయిల్ తడిపి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి క్రోమ్‌కి గీత పడదు, పైకి లేచిన తుప్పు మాత్రం వదులుతుంది. కడిగి, బాగా ఆరనిచ్చి, మైనం పట్టించండి. చుక్క ఉన్నచోట సూదిమొనంత గుంట మిగిలిపోతుంది. అది రుద్దితే పోయేది కాదు, మళ్ళీ ప్లేటింగ్ చేయించాల్సిందే. నా మటుకు నాకు ఆ చుక్కలు ఉన్నా నచ్చుతాయి.

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కొట్టిన చోట మాత్రం పేపర్, బఫ్ ఏదీ తగలనివ్వకండి. అంకె అరిగితే దాన్ని చెరిపే ప్రయత్నంగా చూస్తారు, కాగితాల దగ్గర చిక్కుల్లో పడతారు.

[తెర మీద: లేపి ఉంచిన ముందు చక్రం]

ఇక పాలిష్ కంటే ముందు చేయాల్సిన రిపేర్లు. సామాను మోయబోయే బండికి తప్పనివి మాత్రమే చెప్తాను. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో "టిక్" మని ఆగితే స్టీరింగ్ బేరింగ్ గిన్నెలో గుంటలు పడ్డట్టే. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకి ఊపండి, ఆట ఉంటే చక్రం బేరింగో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) బుష్షో పోయింది. ఖాళీ బండి మీద ఈ లోపాలు తెలియకపోవచ్చు. వెనక బరువు పడ్డాక వేగంలో బండి పాములా మెలికలు తిరుగుతుంది. చువ్వలన్నీ ఒక్కోటీ తట్టి చూడండి, వదులైనది మొద్దుగా మోగుతుంది.

టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో చేసింది. మూడే అంకెలుంటే ఆ టైరు 2000కి ముందుది. గాట్లు ఎంత లోతున్నా తీసి పారేయండి. పాత బ్రేకు లైనింగులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి డ్రమ్ములో దుమ్ముని గాలితో ఊదొద్దు. తడిగుడ్డతో తుడవండి.

స్క్రూల సంగతి కూడా. పాత జపాన్ బండ్ల ప్లస్ స్క్రూలు జేఐఎస్ రకం, అంటే జపాన్ సొంత కొలత ప్రమాణం. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి తలని నలిపేస్తుంది. పాత బ్రిటిష్ బండ్లకైతే విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) పానాలు కావాలి, మిల్లీమీటర్ పానాతో నట్టు మూలలు అరిగిపోతాయి. సరైన డ్రైవర్ కొనడానికి వెనకాడకండి, ఆ స్క్రూలు బండితో పుట్టినవి.

[తెర మీద: క్యారియర్ బిగించిన బండి, పక్కనుంచి]

టైం దగ్గరపడింది, సామాను త్వరగా చెప్పేస్తాను. లెక్క ఒకటే గుర్తుంచుకోండి. రెండు ఇరుసుల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక ఇరుసుకి 300 మిల్లీమీటర్లు వెనగ్గా పది కిలోల పెట్టె పెట్టారు. వెనక చక్రం మీద పడేది పది కాదు, పన్నెండు కిలోలపైనే. ఆ పైన పడ్డ రెండు కిలోలు ముందు చక్రం మీంచి లేచిపోయాయి. ముందు తేలికైతే హ్యాండిల్ వణుకుతుంది. అందుకే బరువైనవి పక్క సంచుల్లో, కిందికి, ఇరుసుకి ముందుకి. వెనక పెట్టెలో బట్టల్లాంటి తేలికవి. కుడి ఎడమలు తూచి సమానం చేయండి. బండి ఎంత మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది, అందులో మీ బరువూ, వెనక కూర్చునేవాళ్ళ బరువూ, క్యారియర్ బరువూ కలిసే ఉంటాయి.

క్యారియర్‌ని మడ్‌గార్డ్ రేకుకి కాకుండా ఫ్రేముకి బిగించండి, రేకు అదురుకి చిట్లుతుంది. ఫ్రేము గొట్టానికి రంధ్రం వేయొద్దు, వెల్డింగ్ వద్దు. పాత ఫ్రేముల్లో కొన్ని బ్రేజింగ్‌తో, అంటే కరిగించిన ఇత్తడి లాంటి లోహంతో, అతికినవి, వెల్డింగ్ వేడికి ఆ అతుకు చెడుతుంది. రబ్బరు వేసిన క్లాంపులు వాడండి. మెత్తటి సంచులకి లోపలివైపు ఇనప కమ్మీ ఉండాలి, లేకపోతే గుంతలో పడ్డప్పుడు సంచి చువ్వల్లోకి వెళ్తుంది. సైలెన్సర్‌కి తగలకూడదు.

సంచి పట్టీ ఆనే ప్రతిచోటా పారదర్శక ఫిల్మ్ అంటించండి. పట్టీ కింద దుమ్ము చేరితే అదే వాటర్ పేపర్, బండి కదిలినంతసేపూ పెయింటు మీద సాళ్ళు తీస్తూనే ఉంటుంది. తోలు సంచిని తడిగా క్రోమ్ మీద వదిలేయకండి. బరువెక్కాక వెనక షాకబ్జార్బర్ ఒకటి రెండు మెట్లు బిగించి, టైరు గాలి మాన్యువల్‌లో ఫుల్ లోడ్‌కి చెప్పినంత పెట్టి, హెడ్‌లైట్ కిందికి దించండి, లేకపోతే వెలుతురంతా ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో పడుతుంది. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత క్యారియర్ బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి బిగించండి. ట్యాంకు లోపలి తుప్పు ఇందులో పట్టలేదు, అది పెద్ద సంగతి, తర్వాతి వీడియోలో.