ఆరుగురికి ఒక కోచ్: గోల్ఫ్ గ్రూప్ క్లాసు నడిపే తీరు
(గోల్ఫ్ కోచ్‌ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. గంట క్లాసు, ఆరుగురు ఆటగాళ్లు. వార్మప్‌కీ, మీరు విషయం చెప్పి చేసి చూపించడానికీ కలిపి 15 నిమిషాలు పోయాయనుకోండి. మిగిలినవి 45. సమానంగా పంచితే తలా ఏడున్నర నిమిషాలు. అంటే ఆ 45 నిమిషాల్లో 37కి పైగా ఒక్కో ఆటగాడు మీరు పక్కన లేకుండానే గడుపుతాడు. క్లాసు ప్లాన్ చేయమంటే మనం ఆ ఏడున్నర నిమిషాల్లో ఏం సరిదిద్దాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటాం. నేను మాట్లాడబోయేది మిగతా 37 గురించి.

క్లబ్ (గోల్ఫ్ కర్ర) మొన్ననే పట్టుకున్నవాళ్లను కాసేపు పక్కన పెడదాం. బంతిని గాల్లోకి లేపడం వచ్చు, అప్పుడప్పుడూ అదిరిపోయే షాట్ ఒకటి పడుతుంది, హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) మాత్రం 20 దగ్గరో 30 దగ్గరో ఆగిపోయి కదలదు. అలాంటివాళ్లతోనే గ్రూపులు నిండుతాయి. "రేంజ్ మీద బాగానే కొడుతున్నాను సార్, కోర్సు మీదికి వెళ్తేనే ఏమవుతోందో తెలియడం లేదు" అనేది వాళ్లందరి ఫిర్యాదు. రేంజ్ అంటే సాధన చేసే చోటు, కోర్సు అంటే అసలు ఆట ఆడే మైదానం.

ఆ ఫిర్యాదులో మన వాటా కూడా ఉంది. అందరినీ వరుసగా నిలబెట్టి, తలా ఒక బుట్ట బంతులిచ్చి, 7 ఐరన్ అనే ఒకే క్లబ్‌తో ఒకే జెండా వైపు కొట్టిస్తాం. మనకు అది సులువు. చివరి పది బంతులు చక్కగా పడతాయి కాబట్టి ఆటగాడు కూడా ఖుషీ. 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే కదలికను వరుసగా సాధన చేసినవాళ్లు సాధన సమయంలో ముందున్నారు. కదలికలను కలగలిపి చేసినవాళ్లు అప్పుడు తడబడ్డారు గానీ, పది రోజుల తర్వాత పెట్టిన పరీక్షలో వాళ్లదే పైచేయి. అది గోల్ఫ్ ప్రయోగం కాదు, కానీ మన ఆటకు బాగా సరిపోతుంది. కోర్సు మీద ఒకే చోటి నుంచి ఒకే క్లబ్‌తో వరుసగా 50 షాట్లు ఎవరు ఆడతారు చెప్పండి?

అందుకని రేంజ్ మీద నేను జంటలు కడతాను. ఒకరు కొడతారు, ఒకరు చూస్తారు. చూసేవాళ్లే ప్రతి బంతికీ లక్ష్యం మారుస్తారు, క్లబ్ కూడా మార్పిస్తారు. ఐదు బంతులయ్యాక స్థానాలు మారతాయి. బంతులు సగమే ఖర్చవుతాయి. "డబ్బులిచ్చింది కొట్టడానికి కదా" అని గొణిగేవాళ్లు ఉంటారు. మొదటి క్లాసులోనే కారణం చెప్పేస్తే ఆ గొణుగుడు చాలావరకు తగ్గుతుంది.

జంటల్లో ఒక ప్రమాదం మాత్రం ఉంది: ఉచిత సలహాలు. "తల ఎత్తేశావ్", "మోచేయి వంగింది" అని ఒకరికొకరు కోచింగ్ మొదలుపెడతారు. అందుకే నా క్లాసులో ఒక నియమం. చూసేవాళ్లు జరిగింది మాత్రమే చెప్పాలి, ఎందుకు జరిగిందో చెప్పకూడదు. బంతి లక్ష్యానికి కుడివైపు బయల్దేరిందా, ఎడమవైపా? క్లబ్ నేలను ఎక్కడ తాకింది? అంతవరకే. బంతి బయల్దేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది తాకే క్షణంలో క్లబ్ ముఖం చూస్తున్న దిక్కే కాబట్టి, ఆ ఒక్క కబురుతోనే ఆటగాడికి బోలెడంత తెలుస్తుంది.

గీత డ్రిల్ మీలో చాలామందికి తెలిసిందే. గడ్డి మీద సున్నంతో మీటరు పొడవు గీత గీయండి, లక్ష్యం వైపు వెళ్లే దారికి అడ్డంగా. ఆటగాడు గీతకు ఇటూ అటూ కాళ్లుండేలా నిలబడి, గీత తన స్టాన్స్ మధ్యలో ఉండగా బంతి లేకుండా స్వింగ్ చేస్తాడు. తర్వాత గీత వెంబడే కొద్దిగా జరిగి మరొకటి. పది స్వింగులయ్యాక క్లబ్ తగిలి నేల మీద పడ్డ మచ్చలు చూడండి. అవి గీత దగ్గరో, గీత దాటి లక్ష్యం వైపో మొదలైతే మంచి కాంటాక్ట్. గీతకు వెనకే మొదలైతే, బంతి కంటే ముందు నేల తగులుతోందన్నమాట. మీరు నోరు విప్పక్కర్లేదు, నేల మీదే రాసి ఉంటుంది. ఆటగాడు తనంతట తనే బరువు ముందుకాలి మీదికి తెచ్చి మళ్లీ ప్రయత్నిస్తాడు. మీరు ఆ సమయంలో నాలుగో వ్యక్తి గ్రిప్ చూస్తూ ఉండొచ్చు.

మనం వాడే మాటల సంగతీ ఇంతే. 1999లో గాబ్రియెల్ వుల్ఫ్, ఆమె సహచరులు కొత్తవాళ్లకు పిచ్ షాట్ (దగ్గరి లక్ష్యానికి బంతిని ఎత్తుగా లేపే చిన్న షాట్) నేర్పారు. కొందరిని చేతుల కదలిక మీద, కొందరిని క్లబ్ కదలిక మీద దృష్టి పెట్టమన్నారు. క్లబ్ మీద దృష్టి పెట్టినవాళ్ల షాట్లే ఎక్కువ కచ్చితంగా పడ్డాయి. గ్రూపులో దీనికి ఇంకో లాభం ఉంది. "మణికట్టు ఇలా" అంటే ఆరు శరీరాలకూ ఆరు రకాల టెన్షన్. "గీత దాటాక నేల తగలాలి" అంటే ఎవరి దారిలో వాళ్లు అక్కడికి చేరతారు.

భద్రత గురించి క్లుప్తంగా, కానీ ఖరాఖండీగా చెబుతాను. ఇద్దరి మధ్య కనీసం 3 మీటర్లు. జంటలో చూసేవాళ్లు వెనక కట్టిన తాడు అవతలే నిలబడాలి, క్లబ్ కింద పెట్టాకే దగ్గరికి రావాలి. ఎడమచేతి వాటం ఆటగాడు ఉంటే లక్ష్యం వైపు చూస్తున్నప్పుడు వరుసకు కుడి కొసన నిలబెట్టండి. పక్కవాడూ అతనూ ఎదురెదురుగా ఉంటారు, ఒకరి స్వింగ్ ఒకరికి కనబడుతుంది. బంతులు ఏరడం అందరూ కలిసి, మీరు చెప్పినప్పుడే.

ఇక చిప్పింగ్ గ్రీన్. గ్రీన్ అంటే కప్పు ఉండే, గడ్డి పొట్టిగా కత్తిరించిన చోటు; చిప్ అంటే పక్క నుంచి దాని మీదికి కొట్టే చిన్న షాట్. నన్నడిగితే గ్రూప్ క్లాసులో కనీసం సగం సమయం ఇక్కడే గడవాలి, ఎందుకంటే ఆరుగురూ ఒక్కచూపులో కనిపించేది ఇక్కడే. నాకు నచ్చిన ఆట పార్ 18. గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్లు, మూడు తేలిక, మూడు మధ్యరకం, మూడు కష్టం. ఒక్కొక్కరికి ఒక్కటే బంతి. చిప్ చేయాలి, కప్పులో పడేదాకా పట్ చేయాలి (నేల మీద దొర్లించాలి), ప్రతి చోటికీ పార్ 2, అంటే రెండు దెబ్బల్లో ముగించడం లక్ష్యం. ఒక్క బంతి అనేదే ఇందులో కీలకం. రెండోది ఇచ్చారా, మొదటిదాన్ని ఎవరూ లెక్కచేయరు.

కష్టమైన చోటు ఒకటి తీసుకుందాం. దట్టమైన గడ్డి, గ్రీన్ అంచు నుంచి జెండాకు ఐదడుగులే. కుర్రాడు లాబ్ వెడ్జ్ తీసి బంతిని ఎత్తుగా లేపబోతాడు. అది గడ్డిలోనే ఉండిపోతుంది, చివరికి స్కోరు 4. అతని జంట జెండాను దాటిపోయినా ఫర్వాలేదనుకుని గ్రీన్ మీదికి చేర్చి, రెండు పట్లు వేసి 3 రాసుకుంటుంది. ఆ తేడా మీద మీరు లెక్చర్ ఇవ్వకండి. స్కోరుకార్డు ఇద్దరి చేతుల్లోనూ ఉంది. "మళ్లీ ఆడితే ఏం చేస్తావ్?" అని కుర్రాణ్ని అడిగి వచ్చేయండి.

గ్రూపులో స్థాయిలు ఎలాగూ కలవవు. 12 హ్యాండిక్యాప్ మనిషికీ 30 హ్యాండిక్యాప్ మనిషికీ ఒకే ఆట పెట్టాలంటే, బలమైనవాళ్ల బంతిని ఇంకా పాడు లైలో (బంతి ఆగి ఉండే చోటులో) పెట్టండి. బలహీనులకు స్ట్రోకులు (అదనపు దెబ్బలు) ఇవ్వడం కంటే ఇదే మేలు, ఎందుకంటే ఇద్దరికీ సరిపడా పని దొరుకుతుంది.

మూడు నాలుగు క్లాసులకొకసారి కోర్సు మీదికి తీసుకెళ్లండి. ముగ్గురేసి చొప్పున రెండు గ్రూపులు, రెడీగా ఉన్నవాళ్లు ముందు ఆడే పద్ధతి. నిబంధనల్లో సూచించిన 40 సెకన్లలోపు షాట్ ఆడేయడం అక్కడే అలవాటవుతుంది. షాట్‌కు ముందు లక్ష్యం ఏమిటో పైకి చెప్పించండి, మీరు మాత్రం స్వింగ్ గురించి మాట్లాడకండి. చూసింది రాసుకోండి, తర్వాతి క్లాసు టాపిక్ అందులోంచే వస్తుంది.

బయట చిప్పింగ్ గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్లా టీలు (బంతిని నిలబెట్టే చిన్న మేకులు) గుచ్చించాను. వెడ్జ్, పట్టర్, ఒక్కటంటే ఒక్క బంతి తీసుకుని రండి. జంటలు నేనే కడతాను.