కొమ్ము వంపు గీత

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీరు ముందు వరుసలోకి రండి. ఈ కాగితాన్ని దగ్గరగా చూడాలి.

ఇది నా ఆరో తరగతి లెక్కల పుస్తకంలో చివరి పేజీ. ఇక్కడే, మన పర్లాకిమిడిలో గీసిన బాస్కెట్‌బాల్ బూటు. మడమ దగ్గర మొదలై లేసుల వైపు లేచే ఈ వంపు చూశారా? పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే మన ఊరి పనివారి దగ్గర చూసి పట్టుకున్న గీత అది. కొమ్మును సెగ మీద మెత్తబరిచి కొంగ మెడలా వంచుతుంటే, బడి నుంచి వస్తూ అక్కడే నిలబడిపోయేవాణ్ణి.

ఇరవై ఏళ్ల తర్వాత, తమిళనాడులోని ఆంబూరులో బూట్ల పని నేర్చుకున్నాక, దీన్ని నిజం బూటుగా చేయబోయాను. అప్పుడు తెలిసింది, ఈ బొమ్మలో పాదం లేదని. అరికాలి వెడల్పెంత, వేళ్లు ఎక్కడ వంగుతాయి? పక్కనుంచి గీసిన బొమ్మ ఇవేవీ చెప్పదు. బూటు పుట్టేది లాస్ట్ మీద, అంటే పాదం ఆకారంలో ఉండే గట్టి అచ్చు మీద. కుట్టిన పైభాగాన్ని వేడిచేసి దానిమీదికి లాగి బిగిస్తారు. కొమ్ము పని చూసిన కళ్లకు అది కొత్తగా అనిపించలేదు.

అయితే ఆ అచ్చు ఎవరి పాదానిది? మనం ఇన్నాళ్లూ విదేశీ కొలతల బూట్లే తొడుక్కుంటున్నాం. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిస్తే, మనవి వెడల్పు పాదాలని తేలింది. నా మొదటి నమూనా తొడుక్కున్న అమ్మాయి పది నిమిషాల్లో విప్పేసింది. చిటికెనవేలు కందిపోయింది. తప్పు నాదే, కొన్న అచ్చును సరిచూడకుండా వాడాను.

రెండో నమూనా సోలు సిమెంటు కోర్టు మీద అరిగిపోయింది. చెక్క నేలకు పనికొచ్చే మెత్తని రబ్బరు ఆరుబయట నిలవదు. అందుకే గట్టి రబ్బరు తీసుకుని, చేపముల్లులాంటి గీతలు లోతుగా వేయించాను. ఆటగాడు ఎటు మళ్లినా అవి నేలను పట్టుకుంటాయి. చిటికెనవేలి వైపు సోలును కొంచెం బయటికి పొడిగించాను, పక్కకు ఉరికినప్పుడు పాదం ఒరిగిపోకుండా.

బొమ్మలోని రెక్కలు, నక్షత్రాలు అన్నీ పోయాయి. కొమ్ము వంపు మిగిలింది. దాన్ని మడమను చుట్టి లేసు రంధ్రాల దాకా వచ్చే పట్టీగా కుట్టాను. లేసు బిగిస్తే మడమ కదలదు. అందం కోసం గీసిన గీతకు పని దొరికిన ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఒక మనిషి గురించి చెప్పాలి. అమెరికాలో డ్వేన్ ఎడ్వర్డ్స్ చిన్నప్పటి నుంచి బూట్ల బొమ్మలు గీసేవారు. ఎల్.ఎ. గేర్ అనే బూట్ల కంపెనీలో గుమాస్తాగా చేరి, సలహాల పెట్టెలో రోజూ ఒక బొమ్మ వేశారు. ఆరు నెలలకు, 1989లో, యజమాని ఆయన్ని డిజైనర్‌గా తీసుకున్నారు. తర్వాత ఎయిర్ జోర్డాన్ అనే పేరున్న బాస్కెట్‌బాల్ బూట్లకూ ఆయన రూపమిచ్చారు. ఆయన తన బొమ్మలను నలుగురి కళ్లలో పడనిచ్చారు. నేను నా బొమ్మను ఇరవై ఏళ్లు ట్రంకు పెట్టెలో దాచాను. అది నాకు ఇప్పటికీ బాధే.

ఈ సంచిలో 5, 6, 7 సైజుల జతలు ఉన్నాయి. సరిపోయినవారు తొడుక్కుని కోర్టులోకి పదండి. ఎక్కడ నొక్కుతోందో నాకు చెప్పండి. పెన్సిలు తెచ్చాను, రాసుకుంటాను.