నవ్వితే పడే గీత

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలే, క్షమించాలి.

'అనిమే పాత్రల్లో అందం' అని అంశం ఇచ్చారు. అనిమే అంటే జపాన్ యానిమేషన్. రాత్రి కూర్చుని పద్ధతిగా రాసుకొచ్చాను. లోపలికి వచ్చేముందు వరండాలో మీ బొమ్మలు చూశాక మాత్రం ఆ కాగితం చదవబుద్ధి కాలేదు. బొమ్మలు చాలా బాగున్నాయి, మనస్ఫూర్తిగా అంటున్నాను. జుట్టు పాయలు తీసిన తీరు, కంట్లో మెరుపు పెట్టిన తీరు చూస్తే ఎన్ని రాత్రులు సాధన చేశారో తెలుస్తోంది. అయితే ఒక బొమ్మ కింద 'మా అమ్మ' అని రాసి ఉంది. ఆ అమ్మ వయసు పదహారు దాటదు. ముఖం మీద ఒక్క గీత లేదు. అది గీసిన అమ్మాయి ఈ హాల్లోనే ఉండి ఉంటుంది. నిన్ను తప్పుపట్టడం లేదు తల్లీ. నేనూ ఏళ్ల తరబడి అలాగే గీశాను. ఆ సంగతే ముందు చెప్తాను.

హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ కంపెనీలో క్లీనప్ ఆర్టిస్టుగా చేరాను. లైట్ బాక్స్ ముందు కూర్చుని, రఫ్ బొమ్మ మీద కొత్త కాగితం పెట్టి, శుభ్రమైన గీతతో మళ్లీ గీయడం నా పని. ఒకసారి నాయనమ్మ పాత్ర వచ్చింది. మోడల్ షీట్ కోసం, అంటే ఆ పాత్ర ఎలా ఉండాలో అందరికీ చూపించే నమూనా కోసం, మమ్మల్నీ గీయమన్నారు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ నవ్వితే ముందు కళ్లు మూసుకుపోయేవి, తర్వాత ముక్కు పక్కనుంచి పెదవి చివరిదాకా ఒక గీత పడేది, ఆ తర్వాతే నవ్వు వినిపించేది. ఆ గీత పెట్టాను. సాయంత్రానికి షీట్ తిరిగొచ్చింది. గీత మీద ఎర్ర పెన్సిల్‌తో ఇంటూ మార్కు, పక్కన 'తీసేయండి, ముసలిగా ఉంది' అని. ఆమె నాయనమ్మ కదా, ముసలిగా కాక ఎలా ఉంటుంది? అడగలేకపోయాను. కొత్త ఉద్యోగం, భయం. తీసేశాను. తెల్ల జుట్టు మిగిలింది. దాని కింద మనవరాలి ముఖం.

ఆ ఎర్ర మార్కు పెట్టినాయన మీద నాకిప్పుడు కోపం లేదు, ఎందుకంటే దాని వెనకాల లెక్క తర్వాత అర్థమైంది. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు. టీవీ అనిమేలో వాటికి చాలాసార్లు 12 బొమ్మలో 8 బొమ్మలో గీసి సరిపెడతారు. చెంప మీద ఒక గీత పెంచితే అన్నిట్లోనూ పెంచాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ గీత తెర మీద పురుగు పాకినట్టు కదులుతుంది. అందుకే ముక్కు ఒక చుక్కయింది, చెంప ఖాళీ అయింది. 1963 జనవరి 1న జపాన్ బొమ్మల కథల రచయిత తెజుకా ఒసాము తీసిన 'ఆస్ట్రో బాయ్' టీవీలో మొదలైంది. వారానికి ఒక అరగంట భాగం పూర్తిచేయాలి, డబ్బు తక్కువ. కదలికలు తగ్గించి, భావమంతా కళ్ల మీద పెట్టారు. తెల్లవాళ్లలా కనబడాలనే జపాన్ వాళ్లు పెద్ద కళ్లు గీస్తారని కొందరంటారు. నేను ఒప్పుకోను. డిస్నీ ప్రభావం ఉన్నమాట నిజమే. కానీ 1930లలోనే నకహర జున్‌ఇచి అనే చిత్రకారుడు అక్కడి ఆడపిల్లల పత్రికల్లో పెద్ద కళ్ల అమ్మాయిల్ని గీశారు. తెజుకా పెరిగిన తకరజుకా ఊళ్లో మొత్తం ఆడవాళ్లే నటించే నాటక బృందం ఉంది. స్టేజి దీపాల కింద ఆ కాటుక కళ్లు చూస్తూ పెరిగిన మనిషి ఆయన.

అందంగా గీయడం తప్పని నేననను. మనకి బాపు బొమ్మ లేదా? ఆ వాలుజడ, ఆ కోలకళ్లు చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఇప్పుడొక పని చేయండి. అందరూ, వెనక వరసవాళ్లు కూడా. చెంప మీద వేలు పెట్టుకుని నవ్వండి. ఇంకొంచెం. వేలు కింద ఏదో పైకి లేచింది కదూ? దాన్నే జపాన్ దర్శకుడు తకహత ఇసావో 1991లో తెరకెక్కించారు. 'ఓన్లీ యెస్టర్‌డే' అనే సినిమాలో తాఎకో అని 27 ఏళ్ల ఆఫీసు ఉద్యోగిని ఉంటుంది. మామూలుగా బొమ్మలు గీశాక గొంతులు కలుపుతారు. ఆ పెద్ద తాఎకో భాగానికి ముందు గొంతులు రికార్డు చేసి, ఆ మాటలకి తగ్గట్టు ముఖాలు గీశారు. ఆమె నవ్వినప్పుడు చెంప లేస్తుంది, పక్కన గీత పడుతుంది. ఆ గీతల వల్ల ఆమె వయసుకి మించి కనిపిస్తోందని చాలామంది విసుక్కున్నారు. నేను మాత్రం మొదటిసారి చూసినప్పుడు ఏడ్చాను. నాచేత చెరిపించిన గీతని ఎక్కడో ఎవరో డబ్బు, కాలం, ఓపిక పోసి నిలబెట్టారు.

అదే సినిమాలో తాఎకో యమగత పల్లెకి వెళ్లి కుసుమ పూలు కోస్తుంది. మన తెలంగాణ నల్లరేగడి చేలలో వేసే కుసుమలే. ముళ్లుంటాయి కదా, మంచుకి మెత్తబడతాయని తెల్లవారుజామునే కోస్తారు. ఆ పూలనుంచి పెదవులకి పూసే ఎర్ర రంగు తీస్తారు. చేతులు గుచ్చుకుంటూ కోసిన పల్లె పిల్లలు ఒక్కసారైనా ఆ రంగు పూసుకోలేదని సినిమాలో చెప్తారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోతాను, ఎన్నిసార్లు చూసినా.

2013లో అదే తకహత కగుయా అనే అమ్మాయి కథని సినిమాగా తీశారు. రాజవంశపు పిల్ల కనుబొమలు పీకించుకోవాలి, పళ్లకి నలుపు పెట్టుకోవాలి అని ఆమెకి నేర్పుతారు. కనుబొమలు లేకపోతే చెమట కళ్లలో పడదా అని ఆ పిల్ల అడుగుతుంది. అందం గురించిన ఈ చర్చంతటికీ సరిపడా సమాధానం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

అదే ఏడు 'అకు నో హానా' అనే టీవీ అనిమే కూడా వచ్చింది. నిజమైన మనుషుల్ని షూట్ చేసి, ఆ ఫుటేజి మీద గీశారు. దానికి మూలమైన మాంగాలోని, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకంలోని, అందమైన ముఖాలు రాలేదని చూసేవాళ్లు గొడవపెట్టారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఇష్టపడ్డ ముఖం మారిపోతే ఎవరికైనా కష్టమే. కానీ మన పక్కింట్లో, మన బస్సులో, మన అద్దంలో ఉండే ముఖం తెర మీదకి వస్తే ఓర్చుకోలేనంతగా మన కళ్లు ఎప్పుడు అలవాటు పడ్డాయి? నన్ను నేను కూడా అడుగుతున్నాను. సతోషి కోన్ అనే దర్శకుడి సినిమా 'టోక్యో గాడ్‌ఫాదర్స్' గురించీ చెప్పాలి, ఇల్లు లేని ముగ్గురి ముఖాల గురించి. టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. మీరే చూడండి.

ఒక్క నిమిషం. 'మా అమ్మ' బొమ్మ గీసిన అమ్మాయీ, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆవిడ ఎదురుగా కూర్చుని మళ్లీ గీయి. ఆవిడ నీతో మాట్లాడుతుండగా గీయి. పూర్తయ్యాక నాకు చూపించు. ఎర్ర మార్కు పడిన మా అమ్మమ్మ షీట్ నా సంచిలో ఉంది. బయటికెళ్లేటప్పుడు నీ బొమ్మ పక్కన పిన్ను చేసి వెళ్తాను, కొన్నాళ్లు అక్కడే ఉండనివ్వండి.