పెన్నా వంతెన నుంచి నంది కనుమ దాకా
(నెల్లూరులో సైకిల్ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సైకిళ్ల మీద బయలుదేరి, గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల వైపు పోయే నంది కనుమను మొదటిసారి ఎక్కబోతున్న పిల్లలను చూస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను నంది కనుమ ఎక్కలేకపోయాను. గిద్దలూరు దాటి, దిగువమెట్ట దగ్గర రోడ్డు అడవిలోకి మళ్లాక, కొన్ని మలుపులకే కాళ్లు ఆగిపోయాయి. ఊపిరి బాగానే ఉంది, తొడల్లో బలమే లేదు. సైకిల్ పక్కన పెట్టి రోడ్డు అంచున కూర్చుండిపోయాను. నల్లమల చాలా కష్టమైన కొండ అని చాలా రోజులు అనుకున్నాను. తర్వాత ఆ మూడు రోజుల ప్రయాణం వేళలు, వేగాలు కాగితం మీద రాసుకుని చూస్తే సంగతి అర్థమైంది. కొండ దగ్గరికి వచ్చేసరికే నా బలమంతా చదును రోడ్డు మీద ఖర్చైపోయింది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. అందుకే కొంచెం లెక్క చెప్తాను, ఓపిక పట్టండి. మనం సైకిల్ మీద పోతుంటే గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ గాలిని తోసుకుని పోవడానికి కావలసిన పవర్ అయితే వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి 25కి పెంచాడంటే, గాలి కోసం పెట్టే పవర్ దాదాపు రెండింతలవుతుంది. మరి మిగిలే సమయమెంత? ఇక్కడి నుంచి ఆత్మకూరు సుమారు 55 కిలోమీటర్లు. కలిసొచ్చేది అరగంట చిల్లర, అంతే. కొండ మీద వేగం తొమ్మిదికో పదికో పడిపోతుంది. అక్కడ గాలి ఖర్చు దాదాపు లేనట్టే. మన బరువును, సైకిల్ బరువును పైకి మోయడమే పని. అక్కడ పెట్టిన బలంలో చాలా భాగం ఎత్తుగా మారుతుంది. చదునులో ఆ బలాన్నే గాలికి ధారపోస్తాం.

అందుకే పెన్నా వంతెన దాటాక మిమ్మల్ని ఆపడమే నాకు పెద్ద పని. కోవూరు, బుచ్చి, సంగం మీదుగా ఆ రోడ్డు ఎంత బాగుంటుందో మీకు తెలుసు. సంక్రాంతి వెళ్లాక ఈ రోజుల్లో రెండు పక్కలా వరి పచ్చగా ఉంటుంది, కాలవల నిండా నీళ్లుంటాయి. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, కాళ్లు కొత్తగా ఉంటాయి, పక్కన స్నేహితుడు ఉంటాడు. వేగం దానంతటదే పెరిగిపోతుంది. ఎవరి తప్పూ లేదు, ఆ రోడ్డే అలాంటిది. 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజీ దగ్గర ఆగుదాం. నంది కొండల్లో పుట్టి, సోమశిల దగ్గర వెలిగొండలను చీల్చుకుని వచ్చిన నది ఇక్కడ ఎంత వెడల్పుగా, ఎంత నిదానంగా ఉందో కాసేపు చూడండి. మనమూ అలాగే పోదాం.

ఒకరి వెనక ఒకరు పోవడం నేర్చుకోండి. ముందువాడి చక్రానికి దగ్గరగా ఉంటే వెనకవాడికి గాలి ఖర్చు బాగా తగ్గుతుంది. ఈ నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. పడమర ముఖంగా పోయే మనకు అది కుడి భుజం వెనక నుంచి తగులుతుంది. కాబట్టి వెనకవాడు కాస్త ఎడమకు జరగాలి. కానీ మన రోడ్డు మీద లారీలు, ధాన్యం ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. పక్కపక్కన ముగ్గురు పోవద్దు. గాలికి దాక్కోవడం కంటే ప్రాణం ముఖ్యం.

టీవీలో ఫ్రాన్స్ పోటీలు చూసి, ద్రాక్షతోటల మధ్య రోడ్లు మనకెక్కడివి అని ఒక అబ్బాయి అడిగాడు. అక్కడ రోన్ నది మైదానం నుంచి, ద్రాక్షతోటలు దాటి, 1,909 మీటర్ల వాంతూ కొండ ఎక్కుతారు. నది, తోట, కొండ. మనకూ ఆ మూడూ ఉన్నాయి నాయనా. పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటలున్నాయి. నా ప్రాక్టీసంతా పొదలకూరు రోడ్డు మీదే. ఒక మే నెలలో అక్కడ కళ్లు తిరిగి తోట గట్టున కూలబడితే, కాయలు ఏరుతున్న ఒక అవ్వ వచ్చింది. "యాడికి పోతుండావు నాయనా, ఈ ఎండలో? సైకిల్ మిందనా?" అంటూ చెంబులో నీళ్లు పోసి, రెండు కాయలు పిండి, ఉప్పు కలిపి ఇచ్చింది. నా సీసాలో మంచినీళ్లు అప్పటికీ సగం ఉన్నాయి. లోపించింది ఉప్పు. ఎండలో తొక్కితే గంటకు లీటరు చెమట పోవచ్చు, దానితో సోడియమూ పోతుంది. ఉత్త నీళ్లు తాగుతూ పోతే ఆ లోటు తీరదు. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, ఒక నిమ్మకాయ పిండుకోండి. చిన్న టీ చెంచాతోనే కొలవండి. దాహం వేసేదాకా ఆగవద్దు. ఆ అవ్వ పేరు అడగలేదే అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఆత్మకూరు దాటాక నేల మారుతుంది, రోడ్డు మెల్లగా ఎగుడుదిగుడవుతుంది. మొదటి రాత్రి ఉదయగిరి దుర్గం కింద పడుకుంటాం. రెండో రోజు పామూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పొగ ముక్కుకు తగులుతుంది. భైరవకోనలో ఎనిమిది గుహాలయాలను ఒకే రాతి కొండలో తొలిచారు, అక్కడ గంట ఆగుతాం. తర్వాత కంభం చెరువు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ మీద కట్టిన ఆ కట్ట ఈరోజుకీ నీళ్లు నిలుపుతోంది. ఎంత అలసిపోయినా ఆ కట్ట మీద నిలబడి చూడకుండా ఎవరూ గిద్దలూరు పోవద్దు. ఇది నా కోరిక.

ఇక గేర్ల సంగతి. ఇక్కడ చాలామంది సైకిల్ ఎంత తేలిగ్గా ఉందో చూసి కొన్నారు. వెనక పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో చూసినవాళ్లు తక్కువ. ముందు 34, వెనక 34 పళ్లుంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టే తిరుగుతుంది, సుమారు రెండు మీటర్లు పోతాం. నిమిషానికి 70 చుట్లు తిప్పితే గంటకు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. మోకాలికి హాయి. వెనక 28 ఉంటే అదే 70 చుట్లకు పదిన్నర దాటాలి. అంత బలం లేకపోతే కాలు నెమ్మదిస్తుంది, ఒక్కో తొక్కుడూ బండ ఎత్తినట్టు ఉంటుంది. నా మొదటి సైకిల్‌కి ఉన్నది 28. అమ్మినవాళ్లు అది చాలని చెప్పారు, నేను నమ్మాను.

ఆ ఫ్రాన్స్ పోటీ, టూర్ డి ఫ్రాన్స్, 1903లో మొదలైంది. 1910లో పిరనీస్, 1911లో ఆల్ప్స్ కొండలు ఎక్కారు. గేర్లు మార్చే డిరేలర్‌ను మాత్రం 1937 దాకా ఆ పోటీలో అనుమతించలేదు. వెనక చక్రానికి రెండు వైపులా వేర్వేరు పళ్లుండేవి. కొండ మొదట్లో దిగి, చక్రం విప్పి, తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు. వాళ్లంతటి వాళ్లే కొండ ముందు ఆగి గేరు మార్చుకున్నారు. చిన్న గేరు వేసుకోవడానికి మనం సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఆ మాటకొస్తే రైలు కూడా ఆ కనుమను నేరుగా ఎక్కలేదు. 1880లలో నల్లమల దాటించడానికి బొగద దగ్గర సొరంగం తవ్వారు, లోయ మీద దొరబావి వంతెన కట్టారు. ఏటవాలు ఎక్కువైతే ఇంజిన్ లాగలేదని వాళ్లకు తెలుసు.

కనుమ మొదట్లో మీరు మాట్లాడుతూ తొక్కగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. పక్కవాడు దాటిపోతే పోనివ్వండి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. బ్రేకు అదేపనిగా పట్టుకుని ఉంటే రిమ్ బాగా వేడెక్కిపోతుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి, వేగం తగ్గించి, మలుపులో వదలండి. చూపు మలుపు చివర ఉండాలి. కోతులకు తిండి వేయవద్దు, వాటికోసం ఆగే బండ్ల వెనక మనం ఇరుక్కుంటాం. చీకటి పడేలోపు అడవి దాటి నంద్యాల వైపు దిగిపోవాలి.

రెండోసారి నేను ఎక్కినప్పుడు నాకంటే ముందు ఆరుగురు పైకి చేరారు. నేను ఎక్కడా దిగలేదు. పైన గాలి తగిలినప్పుడు ఏడుపొచ్చింది. ఆ గాలి మీ అందరికీ తగలాలని నా ఆశ.

ఆదివారం తెల్లవారుజామున 4:30కి పెన్నా వంతెన దగ్గర కలుద్దాం. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండు ట్యూబులు, పంపు తప్పకుండా తెచ్చుకోండి. వెనక 28 పళ్లే ఉన్నవాళ్లు ఈ సాయంత్రమే నా దగ్గరికి రండి. ఇంట్లో 34 పళ్ల క్యాసెట్, అంటే వెనక పళ్ల చక్రాల కట్ట, ఒకటి అదనంగా ఉంది. మీ డిరేలర్‌కి సరిపోతుందేమో బిగించి చూద్దాం.